గేటు తప్పించుకునే దారి

మా ఊరి నుంచి బడికి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి హైవే, దాని మీద టోల్ గేటు ఉంది. ఇంకొకటి పాత రోడ్డు. అది గేటుకు కాస్త ముందు ఎడమ చేతికి దిగి, మూడు నాలుగు ఊళ్ళు, రొయ్యల గుంటలు, ఒక కాలువ వంతెన దాటుకుని, గేటు వెనకబడ్డాక మళ్ళీ హైవేలో కలుస్తుంది. నేను కారు కొన్న నాటి నుంచి పాత రోడ్డునే పట్టుకున్నాను. హైవే మీద వెళితే చాలా ముందే చేరతామని అందరూ చెప్పేవారు. నాకూ తెలుసు. కానీ గేటు దగ్గర ఆ కర్ర లేచేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నా ఒంటికి పడదు.

నేను సోషల్ టీచర్ని. ప్రత్యక్ష పన్నులు, పరోక్ష పన్నులు అనే పాఠం ఏటా పిల్లలకు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకే కోపం వస్తుంది. కారు కొన్న రోజే లైఫ్ టాక్సు కట్టాం. బంకులో పోయించుకునే ప్రతి లీటరులోనూ ఢిల్లీకి కొంత, అమరావతికి కొంత కడుతున్నాం. రోడ్ల కోసమని సెస్సు పేరుతో ఇంకొంత లాగుతున్నారు. ఇన్ని కట్టించుకున్నాక మళ్ళీ రోడ్డుకు అడ్డంగా గేటు పెట్టి కట్టమంటే, పెళ్ళిలో చదివింపులు చదివించి వచ్చినవాళ్ళను విస్తరి ముందు కూర్చోబెట్టి భోజనానికి డబ్బులడిగినట్టు లేదూ? ఈ మాట స్టాఫ్ రూములో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. ఇంట్లో అంటే మా ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆయన రైల్వే ఉద్యోగి, పాసు మీద తిరిగే మనిషి. దారిఖర్చు బాధ ఆయనకేం తెలుస్తుంది! కారు ఆయన పేరు మీదే ఉంది గానీ స్టీరింగు ముట్టుకోవడానికి భయపడ్డాడు. డ్రైవింగు స్కూల్లో చేరి నేర్చుకున్నది నేను.

ఆ కారులో ముందు సీటు మా ఇంగ్లీషు టీచరుది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది. వెనక సీటు హిందీ సారుది. ఆయన కారెక్కగానే నిద్రపోతాడు, బడి గేటు దగ్గర లేస్తాడు. మా వైపు టీచర్లకిది మామూలే. ఒకరికి కారుంటే ముగ్గురు నలుగురు అందులో సర్దుకుని, పెట్రోలు ఖర్చు తలా ఇంత వేసుకుంటారు. కారున్నవాళ్ళకు అందులో కొంచెం పెద్దరికం కూడా వస్తుంది. నాకు వచ్చింది. ఆ మాట దాచుకోను.

పాత రోడ్డు మీద మేమిద్దరం మాట్లాడుకోని సంగతి లేదు. ఆమె అత్తగారు, నా ఆడపడుచు, హెడ్‌మాస్టరు చాదస్తం, కూర మాడిన సంగతి, ఎవరి పెళ్ళికి ఏం చీర కట్టామన్న సంగతి. మాటలు లేనప్పుడు ఆమె చర్చిలో పాడే పాట ఏదో గొంతులోనే పాడుకునేది. ఇంట్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం కట్టుకొచ్చి, ఒలిచి, గేరు మీదున్న నా చేతిలో గింజలు పెట్టేది. నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే నోట్లో వేసుకునేదాన్ని. దారి ఎక్కువైనందుకు నాకెప్పుడూ విసుగు పుట్టలేదు.

ఇక రెండో శనివారం మాకు పండగ. ఆంధ్రాలో కంటే తమిళనాడులో పెట్రోలు చౌక. మా ఊరి నుంచి తడ మీదుగా కాసేపు పోతే సరిహద్దు. దాటగానే వరసగా బంకులు, వాటి మీద బోర్డులన్నీ తెలుగులోనే ఉంటాయి. ‘ఇక్కడ పెట్రోలు రేటు తక్కువ’ అని మనవాళ్ళ కోసం తమిళులు రాయించారు. మా వైపు బంకువాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఒకసారి టైర్లలో గాలి పట్టించుకుంటుంటే అక్కడి మనిషి, “మేడం, మీరంతా పెట్రోలు ఆడ పోయించుకోని, గాలికి మాత్రం మా కాడికొస్తారే. గాలికి కూడా టాక్సు పెడితేగానీ మీకు తెలిసిరాదు” అన్నాడు. నేను సిగ్గుపడలేదు. ఉన్న మాటే కదా అన్నాను.

నెలకొకసారి మేమిద్దరం పోయి ట్యాంకు నిండా పోయించుకుని, బంకు పక్కనున్న హోటల్లో పొంగలి తిని, కాఫీ తాగి, రోడ్డు పక్క అమ్మే పనసతొనలో జామకాయలో కొనుక్కుని వచ్చేవాళ్ళం. కొన్నిసార్లు ముందుకు పోయి చీరలు కూడా చూసేవాళ్ళం. పెట్రోల్లో మిగిలింది చీరల్లో పోయేదని మా ఆయన అనేవాడు. అయినా తమిళ పెట్రోలు ట్యాంకులో పడ్డ రోజు నాకు ఎవరినో గెలిచినట్టుండేది. ఆ గెలుపు చూడటానికి పక్క సీటులో ఒక మనిషి ఉండటం ఇంకా బాగుండేది.

కిందటేడు బదిలీల్లో ఫిజికల్ సైన్సుకు కొత్త టీచరు వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. మా ఊళ్ళోనే ఇల్లు తీసుకుంది. కొన్నాళ్ళు బస్సులో వచ్చింది. నా కారులో వెనక చోటుంది, రమ్మని నేనే పిలిచాను. “వద్దులే మేడం, నాకు బండి వస్తుంది” అంది. వచ్చింది. తెల్ల కారు, ఆకుపచ్చ నంబరు ప్లేటు. కరెంటుది. బడి ఆవరణలోకి అది వచ్చినట్టు చప్పుడే లేదు. పిల్లలు చుట్టూ మూగారు. ఆమె స్టాఫంతటికీ మలై కాజాలు పంచింది. నా దగ్గరికొచ్చేసరికి నాకు షుగరని చెప్పాను.

“నీకు షుగరెప్పుడొచ్చింది అక్కా?” అంది మా ఇంగ్లీషు టీచరు, అందరి ముందూ.

“నిన్ననే,” అన్నాను.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో పెద్ద వాదన జరిగింది. మొదలుపెట్టింది నేనే. కరెంటు కార్ల వాళ్ళు పెట్రోలు పోసుకోరు, పెట్రోల్లో ఉన్న పన్నులు కట్టరు, బండి కొన్నప్పుడు కూడా వాళ్ళకు రాయితీలట. మరి రోడ్లెవరి డబ్బుతో వేస్తున్నట్టు? మా బోటి పాత బండ్లవాళ్ళు చెమటోడ్చి కట్టిన రోడ్ల మీద వాళ్ళు చల్లగా జారిపోతున్నారు. వాళ్ళు నడిపినంత దూరానికి లెక్కగట్టి వసూలు చెయ్యాలన్నాను.

“చేస్తే నేను కడతాను మేడం,” అందామె, కోపం లేకుండా. “ఎంత తిరిగితే అంత. న్యాయమే కదా. ఇప్పుడు కూడా గేటు దగ్గర నెలపాసు తీసుకున్నాను. పాత రోడ్డు మీద తిరగను. మీరు కూడా కడితే ఇద్దరం సమానం.”

హిందీ సారు కళ్ళు తెరిచి, “టూవీలరుకు గేటు లేదు. ఈ దేశంలో సుఖపడేది మోపెడ్ వాడొక్కడే” అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అందరూ నవ్వారు. మా ఇంగ్లీషు టీచరు కూడా నవ్వింది. హిందీ సారు మాటకే నవ్విందో, కొత్తామె నా నోరు మూయించినందుకు నవ్విందో అని ఆ రోజంతా నాలో నేనే రగిలాను.  

తర్వాత కొద్ది రోజులకే అది జరిగింది. సాయంత్రం ఇంటి దగ్గర దిగుతూ మా ఇంగ్లీషు టీచరు తలుపు పట్టుకుని నిలబడింది.

“అక్కా, రేపట్నుంచి నేను ఆమెతో వస్తాలే. ఆమె హైవే మీద పోతుంది గదా. పెందలాడే ఇల్లు చేరొచ్చు.”

“పెందలాడే చేరి ఏం చేస్తావు?” అన్నాను.

“ఏముందక్కా, ఇంటి పని.” ఆమె నా ముఖం చూడలేదు. “నువ్వేమీ అనుకోవు గదా?”

“నేనేమనుకుంటా మే. నీ ఇష్టం,” అన్నాను. అని, గేరు ఎంత గట్టిగా వేశానంటే వెనక హిందీ సారు ఉలిక్కిపడి లేచాడు.

అంతకు ముందు ఆమె చాలాసార్లు అడిగిన మాట నిజమే. “ఈ ఒక్కరోజు హైవే మీద పోదామా అక్కా” అనేది. “గుంతలు చూసుకోని పో అక్కా” అనేది. నేను గుంత వచ్చినప్పుడల్లా, ఈ గుంతకు కూడా మనం సెస్సు కట్టినామని వెటకారమాడేదాన్ని. ఆమె నవ్వేది. నేను నెగ్గాననుకునేదాన్ని.

ఇక నా బతుకు చూడాలి. ముందు సీటు ఖాళీ. హిందీ సారు ఆ సీటులో కూర్చుంటానన్నాడు. అక్కడ బెల్టు పనిచెయ్యదని అబద్ధమాడి, నా హ్యాండుబ్యాగు పెట్టాను. వేరుశనక్కాయలు నేనే ఉడకబెట్టుకున్నాను. కారు నడుపుతూ ఒలుచుకోవడం కుదరక తొక్కలన్నీ ఒళ్ళో పోసుకున్నాను. బడికి చేరేసరికి ఆ తెల్ల కారు అప్పటికే వేపచెట్టు నీడలో ఉండేది. నీడ కూడా వాళ్ళదే. మేం పరుగెత్తుకుంటూ పోయి ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకునేలోపు వాళ్ళిద్దరూ స్టాఫ్ రూములో స్థిమితంగా కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. నేను పోగానే నవ్వు ఆపేవారు కాదు. ఆపినా బాగుండేది, నా గురించి నవ్వుకుంటున్నారని ఒక నమ్మకమైనా కలిగేది. నా గురించి కూడా కాదు.

ఇంటికొచ్చి మా ఆయన మీద పడేదాన్ని. “ఆ కారు బ్యాటరీ ఒకరోజు నడిరోడ్డు మీద అయిపోతుంది చూడండి” అనేదాన్ని. ఆయన పేపరు మడిచి, “అయిపోతే నీకేమొస్తుంది?” అనేవాడు. నాకేమొస్తుందో ఆయనకెలా చెప్పను? ఆమె దిగి రోడ్డు పక్కన నిలబడుతుంది. నేను వెనకాల వస్తాను. బండి ఆపి ముందు తలుపు తెరుస్తాను. రోజూ ఈ సినిమా నా కళ్ళముందు ఆడేది. కొత్తామె బడిలో సైన్సు ల్యాబు కిటికీలోంచి వైరు లాగి సర్కారు కరెంటుతో కారు ఛార్జింగు పెట్టుకుంటుందేమో, పట్టుకుందామని కూడా కాపుకాశాను. ఆ మహాతల్లి ఒక్కరోజూ పెట్టలేదు. తప్పు దొరకని మనిషి మీద పుట్టే కడుపుమంటకు మందు లేదు.

క్లాసులో పన్నుల పాఠం ఆ రోజుల్లోనే వచ్చింది. పరోక్ష పన్ను అంటే ఏమిటని అడిగితే ఒక పిల్ల లేచి, “మనం కడుతున్నట్టు మనకు తెలీకుండానే కట్టేది మేడం” అంది. బాగా చెప్పావని కూర్చోబెట్టాను. ఆ మాటే బోర్డు మీద రాశాను.

రెండో శనివారం దగ్గరపడింది. ట్యాంకు అడుగంటింది. బుధవారమే రిజర్వు దీపం వెలిగింది. మామూలు మనిషైతే దారిలో బంకులో కాస్త పోయించుకుంటుంది. నాకు పట్టుదల. ఆంధ్రా రేటుకు చుక్క కూడా పోయించను, శనివారం సరిహద్దు దాటి పోయించుకుంటానని ఏసీ ఆపేసి, అద్దాలు దించి, పల్లంలో యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, ఎలాగో నెట్టుకొచ్చాను. మా వైపు ఈ పిచ్చి నా ఒక్కదానికే లేదు. శుక్రవారం దాకా దీపంతో నడిపి, శనివారం తమిళనాడు చేరేవాళ్ళను చాలామందిని చూశాను. చేరనివాళ్ళ గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

శుక్రవారం ఉదయం రొయ్యల గుంటల దగ్గర నా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“మేడం, నేను చెప్తానే ఉన్నా,” అన్నాడు హిందీ సారు. ఆయనేమీ చెప్పలేదు, నిద్రపోతున్నాడు. పాలక్యాన్లు వేసుకుని పోతున్న బైకు ఒకటి వస్తే చెయ్యెత్తి ఆపి, “ఆలస్యమైతే నాకు సెలవు కట్టవుతుంది మేడం, ఏమనుకోవద్దు” అని క్యాన్ల మధ్య ఎక్కి వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే మిగిలాను. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. రొయ్యల మేత కంపు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఎవరికి ఫోను చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యలేదు.

చేసింది హిందీ సారు. కాసేపటికి ఎదురుగా, పాత రోడ్డు మీద గుంతలో పడుతూ లేస్తూ ఆ తెల్ల కారు వచ్చింది. హైవే మీద సగం దూరం పోయినవాళ్ళు, ఫోను అందుకుని, బంకు దగ్గర ఆగి, గేటు దాటాక పాత రోడ్డు అవతలి చివర నుంచి వెనక్కి తిరిగి వచ్చారు. నాకు ముందు కలిగింది సంతోషం కాదు. ఇదే సినిమాను నేను తలకిందులుగా చూసుకున్నాను కదా, దిగబడింది నేనేనే అని ఏడుపొచ్చింది.

కొత్తామె ముందు దిగింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి అవతలి తలుపు తెరిచి, మా ఇంగ్లీషు టీచరు చంక కింద చెయ్యి వేసి, “మెల్లగా” అంది. మా టీచరు ఒక కాలు కింద పెట్టి, పళ్ళు బిగబట్టి, నడుము పట్టుకుని లేచింది. ఆమె కూర్చున్న సీటులో చిన్న దిండు ఉంది. ఆ చెయ్యి వెయ్యడం, ఈమె ఆనుకోవడం చూస్తే, రోజూ జరిగే పనేనని తెలిసిపోతోంది.

“ఏందిమే, నడుముకేమయింది?” అన్నాను.

కొత్తామె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. “డిస్కు జరిగింది కదా మేడం. చాలా రోజులైంది. గుంతల్లో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పినారు. మీకు తెలీదా?”

నాకు తెలీదు. ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చున్న మనిషి నడుము సంగతి నాకు తెలీదు. నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లకు తెలుసు. ఆ కారును చూసి నేను పడ్డ అసూయంతా ఒక ఎత్తు, ఆ క్షణంలో పడింది ఒక ఎత్తు. బండి నాకు అక్కర్లేదు, దాని రాయితీలూ అక్కర్లేదు. ఆమెకు తెలిసి నాకు తెలీనిది ఒకటి ఉందని మాత్రం నాకు మింగుడు పడలేదు.

“నీకెట్టా తెలిసింది?” అని కొత్తామెనే అడిగాను. అడగకూడని ప్రశ్నే.

“మీరు సెలవు పెట్టిన రోజు బస్టాపు దగ్గర కూర్చుని లేవలేక లేస్తుంటే చూసినా మేడం. ఏమైందని అడిగినా.”

అంతే. అడిగిందట.

మా ఇంగ్లీషు టీచరు చేతిలో నీళ్ళ బాటిలుంది. అందులో పెట్రోలు. “బాటిల్లో అయితే పొయ్యం అన్నారక్కా. ఈమె చాలా బతిమాలింది,” అంటూ నా చేతికిచ్చింది. “ఆంధ్రా పెట్రోలే. ఈ ఒక్కసారికి పోసుకో.”

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. గొంతు పెరిగింది. “చెప్తే నేను హైవే మీద పోయేదాన్ని కాదా?”

“పోయేదానివిలే. పోయి, రోజూ గేటు కాడ తిట్టుకునేదానివి. నా వల్ల కట్టాల్సి వచ్చిందని మనసులో ఉండిపొయ్యేది.” ఆమె కారుకు ఆనుకుని నిలబడింది. “అది నాకిష్టం లేదక్కా. ఆమెతో పోతే పాపం ఆమె ఎట్టాగూ కట్టేదే గదా.”

ఆమె చెప్పింది అబద్ధమని అనలేకపోయాను. మొదటి వారం ఏమీ అనను. రెండో వారం గేటు దగ్గర ఒక మాట జారుతాను. మూడో వారం ఆ మాటే పాటగా పాడతాను. నా నోరు నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

బాటిలు మూత తీసి పోస్తుంటే కొంత నేల పాలైంది. ఆ గుంతల రోడ్డు మీద డాక్టరు వద్దన్నా నా కోసం వచ్చింది ఆమె. పక్కన కొత్తామె ఉండబట్టి ఆ మాట ఆమెతో అనలేదు. ముగ్గురికీ ఆ రోజు ఆలస్యమని పడింది. హిందీ సారు ఒక్కడికే పడలేదు. ఆయన దగ్గర పాల వాసన వస్తోందని పిల్లలు నవ్వారట.

శనివారం ఒక్కదాన్నే సరిహద్దు దాటి ట్యాంకు నింపుకొచ్చాను. ఆదివారం సాయంత్రం, చర్చి నుంచి ఆమె తిరిగొచ్చే వేళకు వాళ్ళింటికి పోయాను. అప్పటికే ఆలోచించి పెట్టుకున్న మాట ఒక్క గుక్కలో చెప్పాను. “సోమవారం నుంచి నేను హైవే మీద పోతున్నా. నీ కోసం కాదు. ముఖం చూపించేదానికి పరిగెత్తలేక. నువ్వు వచ్చేదుంటే రా.”

ఆమె నవ్వింది. కాసేపు ఆలోచించి, “ఆమెకు కూడా మాటిచ్చినానక్కా. ఒక వారం నీతో, ఒక వారం ఆమెతో వస్తా” అంది.

ఒక వారం నాతో, ఒక వారం ఆమెతో! వంతులేసుకోవడానికి నేనేమైనా సవతినా అని నోటిదాకా వచ్చింది. మింగాను. సరేనన్నాను.

సోమవారం గేటు దగ్గర నా కారు అద్దానికున్న ట్యాగులో డబ్బుల్లేవు. ఎప్పుడూ వాడింది లేదు, ఎలా ఉంటాయి? అక్కడి మనిషి, అయితే మామూలు కంటే ఎక్కువ కట్టాలన్నాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. మా ఇంగ్లీషు టీచరు నా ముఖమే చూస్తోంది, ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుందని. నేను కట్టాను. రసీదు తీసుకుని మడిచి పెట్టాను. గేటు దాటి కొంత దూరం వెళ్ళాక ఆమె, “తిట్టుకో అక్కా, పర్వాలేదు. కడుపుబ్బిపోతుంది” అంది. అప్పుడు తిట్టాను. కేంద్రాన్నీ రాష్ట్రాన్నీ గేటునూ ఆ కర్రనూ, ఎవరినీ వదల్లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి, నవ్వితే నడుము పట్టేస్తోందని మళ్ళీ నవ్వింది.

దిండు కూడా కొన్నాను, కొత్తామె దిండు కంటే మందమైనది. ఆమె దాని మీద ఒక్కరోజు కూర్చుని, “అక్కా, ఇది ఎత్తు ఎక్కువైంది, ఇంకా పట్టేస్తుంది” అంది. దాన్ని హిందీ సారు తల కిందికి ఇచ్చాను. ఆమె ఇంటి నుంచి పాత దుప్పటి మడత తెచ్చుకుని వేసుకుంది.

ఆ వారం చివర, శనివారం సాయంత్రం బడి నుంచి తిరిగొస్తున్నాం. సోమవారం నుంచి కొత్తామె వంతు. వేరుశనక్కాయల పొట్లం విప్పింది గానీ రెండు ఒలిచి నా చేతిలో పెట్టేసరికే ఆమె తల పక్కకు వాలింది. పాత రోడ్డు మీద ఇన్నేళ్ళలో ఆమె నిద్రపోవడం నేను చూడలేదు. నిద్రపోయే రోడ్డా అది! నాకు మళ్ళీ ఆ పురుగు తొలిచింది. ఇంత సుఖంగా ఆ కారులో కూడా నిద్రపోతుంది కాబోలు, ఆ పిల్ల దిండు సర్దుతుంది కాబోలు. ఉండబట్టలేక అడిగేశాను.

“ఏమే, ఆమె కారులో కూడా ఇట్టనే పడుకుంటావా?”

ఆమె కళ్ళు తెరవకుండానే పెదవి విరిచింది. “యాడక్కా. ఎంత మంచిదైనా ఇంకొకరి కారు గదా. నిద్రపోతే ఏమనుకుంటుందోనని కళ్ళు చించుకోని కూర్చుంటా.”

అని, మళ్ళీ నిద్రలోకి జారింది.

గేటు రానే వచ్చింది. ట్యాగులో ఈసారి డబ్బులున్నాయి, కర్ర లేచింది. అవతల రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. వేగం కోసమే కదా ఇంత కట్టేది. నేను ఎడమ వైపుకు జరిగి, ఇటుకల లోడుతో మెల్లగా పోతున్న ఒక లారీ వెనక చేరాను. తెల్ల కారు చప్పుడు లేకుండా మమ్మల్ని దాటింది, కొత్తామె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. లారీని దాటలేదు. మా ఊరి మలుపు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదనిపించింది.

వెనక సీటులో హిందీ సారు లేచి, లారీని చూసి, నన్ను చూసి, “ఏంది మేడం ఈ నడక? గేటుకు డబ్బులు కట్టింది ఇందుకా?” అన్నాడు.

“ఇందుకే సార్,” అన్నాను. “మెల్లగా మాట్లాడండి.”